సీలు బాగానే ఉంది, మరి లోపల?

మా ఇంట్లో కంటైనర్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. నాన్నకి కంటైనర్ అంటే ఇరవై అడుగుల ఇనుప పెట్టె. విశాఖ పోర్టులో ఓ స్టీవ్‌డోర్ కంపెనీ తరఫున ట్యాలీ క్లర్కుగా ముప్పై ఏళ్లు పనిచేశారు. ఎన్ని పెట్టెలు దిగాయి, ఏ నంబరువి దిగాయి, సీలు ఉందా ఊడిందా అని రాసుకోవడమే ఆయన ఉద్యోగం. నాకు కంటైనర్ అంటే కంటికి కనపడని పెట్టె. ఋషికొండ ఐటీ హిల్స్ మీద ఓ కంపెనీలో పన్నెండేళ్లుగా ఆ కనపడని పెట్టెలకి కాపలా కాస్తున్నాను. "నీదీ నాదీ ఒకటే పనమ్మా. నీకు ఏసీ, నాకు ఎండ, అంతే తేడా" అంటారాయన.

ఈ కనపడని పెట్టె ఏమిటో ముందు చెప్పాలి. మీరు ఫోన్లో టికెట్ బుక్ చేసినా, కరెంటు బిల్లు కట్టినా వెనకాల ఎక్కడో ఒక ప్రోగ్రాం నడుస్తుంది. ఆ ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ ఒకే మూటగా కట్టి, ఏ కంప్యూటర్లో పెట్టినా ఒకేలా నడిచేలా చేస్తే దాన్ని కంటైనర్ అంటారు. పెద్ద కంపెనీల్లో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ఏది ఏ మెషీన్ మీద నడవాలి, ఒకటి పడిపోతే దాని స్థానంలో ఇంకోటి ఎలా లేవాలి అని చూసుకోవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు కుబర్నెటీస్. 2014 జూన్‌లో గూగుల్ దీన్ని లోకానికి విడుదల చేసింది. గ్రీకులో ఆ మాటకి చుక్కాని పట్టేవాడు అని అర్థం. దాని గుర్తు కూడా ఓడ చుక్కాని చక్రమే. దీనితోపాటు వాడే డాకర్ అంటే రేవులో సరుకు మోసే మనిషి. హెల్మ్ అంటే మళ్లీ చుక్కాని. మా రంగంలో పేర్లన్నీ వన్‌టౌన్ రేవు నుంచి ఎత్తుకెళ్లినట్టే ఉంటాయి.

కుబర్నెటీస్‌తో మాట్లాడాలంటే నల్లటి తెర మీద ఒక ఆదేశం టైప్ చేయాలి. దాని పేరు క్యూబ్‌సీటీఎల్. దీన్ని కొందరు క్యూబ్ కంట్రోల్ అంటారు, కొందరు క్యూబ్ కటిల్ అంటారు. ఏది సరైనదని మొదలుపెడితే ఆఫీసులో టీ టైము అయిపోతుంది. దానికి పుట్టుకతో కొన్ని పనులు వచ్చు. రానివి నేర్పాలంటే ప్లగిన్లు తగిలించుకోవాలి. మిక్సీకి జ్యూసు జారు విడిగా కొనుక్కున్నట్టన్నమాట.

ఆ తగిలించుకోవడం ఎంత సులువో తెలిస్తే మీకు భయమేస్తుంది. ఒక ఫైలు తీసుకుని, దాని పేరు క్యూబ్‌సీటీఎల్ అని మొదలయ్యేలా పెట్టి, పక్కన ఒక గీత, ఆ తర్వాత మీకు నచ్చిన పేరు పెట్టి, కంప్యూటర్ ఆదేశాలు వెతుక్కునే ఫోల్డర్లలో ఏదో ఒకదాంట్లో పడేయడమే. రిజిస్ట్రేషన్ లేదు, అనుమతి లేదు. 2018లో 1.12 వెర్షన్‌తో ఈ పద్ధతి వచ్చింది, 2019 మార్చిలో 1.14తో స్థిరపడింది. ఇంకో సంగతి. ప్లగిన్ నడిచేది మీ అధికారంతోనే. మీకు ఆ క్లస్టర్లో అన్నీ చెరిపేసే హక్కుంటే, మీరు నడిపే ప్లగిన్‌కీ ఆ హక్కుంటుంది. మీ సంతకం చేసిన ఖాళీ చెక్కు వాడి చేతిలో పెట్టినట్టే.

ఎవరికి వారు ప్లగిన్లు రాసి ఇంటర్నెట్లో పెట్టడం మొదలయ్యాక వాటిని వెతకడం, దించుకోవడం, కొత్త వెర్షన్లకి మార్చుకోవడం పెద్ద తలనొప్పి అయింది. 2018లో గూగుల్‌లో అహ్మెత్ ఆల్ప్ బాల్కన్ అనే ఇంజనీరు దగ్గర ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన లూక్ బుర్ఖార్డ్ అనే కుర్రాడు దీనికోసం ఒక సాధనం తయారుచేశాడు. దాని పేరు క్రూ. ఓడ సిబ్బందిని పిలిచే మాటే, ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరం మాత్రం వేరు. 2019లో అది కుబర్నెటీస్ ప్రాజెక్టులోనే భాగమైంది. ఇప్పుడు దాని సూచికలో రెండు వందలకి పైగా ప్లగిన్లున్నాయి. సెర్చ్ అంటే వెతుకుతుంది, ఇన్‌స్టాల్ అంటే తెచ్చి పెడుతుంది, అప్‌గ్రేడ్ అంటే కొత్తది తెస్తుంది, అన్‌ఇన్‌స్టాల్ అంటే తీసేస్తుంది. తమాషా ఏమిటంటే క్రూ కూడా ఒక ప్లగినే. తనని తానే అప్‌గ్రేడ్ చేసుకుంటుంది.

ఇంతవరకూ సుఖంగానే ఉంది. ఆ మధ్య మా క్లయింటు నుంచి ఒక మెయిల్ వచ్చింది.

మేం ఎనిమిది మందిమి విశాఖలో కూర్చుని వాళ్ల క్లస్టర్లు చూస్తాం. అందరం ఒకే జంప్ సర్వర్ గుండా లోపలికి వెళ్తాం. ఆ సర్వర్లో ఉన్న ప్రతి ప్లగిన్ గురించీ వాళ్లు మూడు ప్రశ్నలడిగారు. ఎవరు తెచ్చారు? ఎందుకు తెచ్చారు? తెచ్చేముందు ఎవరు పరీక్షించారు? రెండు వారాల్లో జవాబు రాకపోతే సర్వర్‌కి దారి మూసేస్తామన్నారు. దారి మూస్తే మా పని బెంగళూరులో ఉన్న ఇంకో టీముకి పోతుంది. మాలో ఇద్దరు గాజువాకలో ఫ్లాట్లు కొనుక్కుని ఈఎంఐలు కడుతున్నారు. ఒకమ్మాయి ఆరు నెలల కిందటే హైదరాబాద్ వదిలి, అమ్మానాన్నల దగ్గర ఉండొచ్చని ఇక్కడికి వచ్చింది. బెంగళూరు అన్న మాట వినగానే గదిలో ఎవరూ మాట్లాడలేదు.

మా మేనేజరు గారు ఫోన్లోనే తీర్పు చెప్పేశారు. "అన్నీ తీసి పారెయ్యండి. అసలు ప్లగిన్లే లేవని రాసేద్దాం. గొడవ వదిలిపోతుంది."

నైట్ షిఫ్ట్ చూసే కుర్రాడు ఒకడున్నాడు, అనకాపల్లి వైపు వాడు. మీటింగులో ఏమీ అనలేదు. తర్వాత నా సీటు దగ్గరికొచ్చి, "అన్నీ తీసేస్తే రాత్రి రెండింటికి అలారం మోగితే నేనేం చెయ్యాలక్కా? ఒక్కడినే ఉంటాను కదా" అన్నాడు. వాడన్నదీ నిజమే. ట్రీ అనే ప్లగిన్ ఉంటే దేని కింద ఏది ఉందో వంశవృక్షంలా ఒక్క చూపులో కనిపిస్తుంది. అది లేకపోతే పది ఆదేశాలు కొట్టి, కాగితం మీద గీసుకోవాలి. స్టర్న్ ఉంటే ఇరవై కంటైనర్ల లాగులు ఒకే తెర మీద పారుతుంటాయి. లేకపోతే ఇరవై తలుపులు తట్టాలి. రాత్రి రెండింటికి ఒంటరిగా ఉన్నవాడికి ఆ తేడా చాలా పెద్దది.

నాకు వారం టైమిమ్మన్నాను. మేనేజరు గారు ఇచ్చారు.

ఆ ఆదివారం మల్కాపురం వెళ్లాను. భోజనాలయ్యాక నాన్నకి సంగతంతా చెప్పాను. ఆయనకి కుబర్నెటీస్ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కానీ ఒక ప్రశ్న అడిగారు. "ఆ తెచ్చి పెట్టేవాడున్నాడే, క్రూనో ఏటో, వాడు ఏటి చూసి తెస్తాడమ్మా?"

చెప్పాను. ప్రతి ప్లగిన్‌కీ సూచికలో ఒక చీటీ ఉంటుంది. దాంట్లో ప్లగిన్ ఎక్కడ దొరుకుతుందో చిరునామా, దానితోపాటు షా-256 అనే లెక్క ప్రకారం తీసిన అరవై నాలుగు అక్షరాల ముద్ర ఉంటాయి. ఫైలు దించాక క్రూ అదే లెక్క మళ్లీ వేస్తుంది. ముద్ర కలిస్తే పెడుతుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా పెట్టదు.

నాన్న నవ్వారు. "మా పెట్టె నంబరుకీ ఉంది కదా, ఆఖరి అంకె."

అప్పుడు కాగితం తీసి చూపించారు. కంటైనర్ మీద ముందు నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటి మూడూ యజమానివి, నాలుగోది మామూలుగా యు. తర్వాత ఆరంకెలు. ఆఖరున డబ్బాలో విడిగా ఒక అంకె. అక్షరాలకి విలువలున్నాయి. ఏ అంటే 10, బి అంటే 12. పదకొండునీ దాని గుణిజాలైన 22, 33లనీ వదిలేస్తారు. మొదటి అక్షరం విలువని ఒకటితో, రెండోదాన్ని రెండుతో, మూడోదాన్ని నాలుగుతో, ఇలా రెట్టింపు చేసుకుంటూ పదోదాన్ని 512తో హెచ్చవేసి, అన్నీ కూడి, పదకొండుతో భాగిస్తే మిగిలిన శేషమే ఆ డబ్బాలోని అంకె. శేషం పది వస్తే సున్నా వేస్తారు. ఐఎస్‌ఓ 6346 అనే ప్రమాణంలో ఉన్న లెక్క ఇది. రాసుకునేటప్పుడు ఎవరైనా ఒక అంకె తప్పు రాస్తే ఆఖరి అంకె కలవదు, దొరికిపోతారు.

"అయితే అది నంబరు సంగతి. సీలు ఇంకోటి" అన్నారు. తలుపు గడియకి వేసే సీలుకి దాని నంబరు దానికుంటుంది. కాగితంలో ఉన్న నంబరూ సీలు మీది నంబరూ ఒకటే అయితే దారిలో ఎవరూ తలుపు తియ్యలేదని అర్థం. ట్యాలీ క్లర్కు పని అక్కడితో సరి. "లోపల బియ్యం ఉన్నాయో ఇసకుందో నాకేం తెలుస్తుంది? కాగితంలో సెయిడ్ టు కంటైన్ అని రాస్తారు. లోపల ఫలానాది ఉందని పంపినోడు చెప్పాడు, మేం చూళ్లేదు అని."

1956 ఏప్రిల్‌లో మాల్కమ్ మెక్లీన్ అమెరికాలో ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద యాభై ఎనిమిది పెట్టెలు ఎక్కించి నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపిన దగ్గర్నుంచీ సరుకు రవాణా తీరే మారిపోయింది. మన ఊళ్లో విశాఖ కంటైనర్ టెర్మినల్ 2003లో వచ్చింది. అంతకుముందు నాన్న బస్తాలు లెక్కపెట్టేవారు. బస్తా చిరిగితే లోపలి గింజ కనపడేది, తడిస్తే వాసన తెలిసేది. పెట్టె వచ్చాక పని వేగం పెరిగింది, నౌకలు రేవులో ఆగే సమయం తగ్గింది. ట్యాలీ క్లర్కు చూపు మాత్రం పెట్టె బయటే ఆగిపోయింది. లోపల చూడాలంటే కస్టమ్స్ వాళ్లు రావాలి, వాళ్లు కూడా అన్ని పెట్టెలూ తెరవరు.

ఆ రాత్రి ఇంటికొస్తూ అనుకున్నాను. క్రూ చేసేది అచ్చంగా ట్యాలీ క్లర్కు పనే. పేరు కలిసిందా, ముద్ర కలిసిందా అని చూస్తుంది. ఆ విషయం అది దాచుకోదు కూడా. సూచికలోని ప్లగిన్ పెట్టిన ప్రతిసారీ, మేం దీని భద్రతని తనిఖీ చెయ్యలేదు, నడిపితే మీ బాధ్యతే అన్న అర్థంలో ఒక హెచ్చరిక చూపిస్తుంది. అందరం వందలసార్లు చూసిన వాక్యమే. కొత్త ప్లగిన్ సూచికలోకి వచ్చేటప్పుడు నిర్వాహకులు పేరూ పద్ధతీ చూస్తారు. ఆ తర్వాత వెర్షన్ నంబరు మాత్రమే మారే మార్పులు చాలావరకు వాటంతటవే లోపలికి వెళ్లిపోతాయి. రెండు వందల ప్లగిన్లకి ప్రతి వెర్షన్‌నీ కూర్చుని చదవడం స్వచ్ఛందంగా పనిచేసే నలుగురైదుగురి వల్ల కాదు, వాళ్లని తప్పు పట్టలేం.

ముద్ర కలిసినంత మాత్రాన లోపలి సరుకు మంచిదని కాదనడానికి ఈ మధ్య కాలంలో పెద్ద ఉదాహరణ ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్లని కుదించే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లినక్స్ మెషీన్లోనూ ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకి పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, కొత్త వెర్షన్లు విడుదల చేసే అధికారం కూడా తెచ్చుకున్నారు. ఆ తర్వాత 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు దాన్ని బయటపెట్టాడు. అతనికి అనుమానం ఎలా వచ్చిందంటారా? లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని! ఆ వెర్షన్లని విడుదల చేసింది ఆ అధికారం ఉన్న చెయ్యే. కాబట్టి సీలు చూసేవాళ్లకి ఏ లోపమూ కనపడలేదు.

సోమవారం పొద్దున్నే లెక్క మొదలుపెట్టాం. క్రూ లిస్ట్ అని కొడితే క్రూ తెచ్చినవన్నీ వస్తాయి. నలభై వచ్చాయి. క్యూబ్‌సీటీఎల్ ప్లగిన్ లిస్ట్ అని కొడితే ఎవరు తెచ్చినా సరే, అక్కడున్నవన్నీ వస్తాయి. నలభై ఒకటి వచ్చాయి.

"ఒకటేగా" అన్నారెవరో. నాన్న దగ్గర పెరిగిన దాన్ని కాబట్టి ఆ మాట నాకు రుచించలేదు. ఒక్క పెట్టె తేడా వస్తే ఆ రోజు ఆయన ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి అయ్యేది.

ఆ ఒకటీ పక్కన పెట్టి ముందు నలభై సంగతి చూశాం. పదిహేడింటిని ఎవరూ వాడట్లేదు. ఎప్పుడో ఎవరో సరదాకి తెచ్చినవి, తీసేశాం. ఆరింటి పని ఇప్పుడు క్యూబ్‌సీటీఎల్‌కే వచ్చు. నేనెవరినని అడిగే ప్లగిన్ ఒకటుంది. 1.28 వెర్షన్ నుంచి ఆ ఆదేశం పూర్తి స్థాయిలో లోపలే ఉంది. డీబగ్ అనే ఆదేశం 1.25లో స్థిరపడింది, దాంతో ఇంకొన్ని అక్కర్లేకుండా పోయాయి. ఐదింటిని ప్రమాదకరమని తీశాం. రహస్య పాస్‌వర్డులని విప్పి చూపించే వ్యూ సీక్రెట్, సరాసరి మెషీన్ మీదకి రూట్ అధికారంతో ఎక్కించే నోడ్ షెల్, నెట్‌వర్క్‌లో పోయే సమాచారాన్ని పట్టి చూపించే స్నిఫ్ లాంటివి అన్నమాట. అవి చెడ్డవని కాదు. వంటింట్లో కత్తిపీట ఉండాలి, హాల్లో పిల్లలు ఆడుకునే చోట ఉండకూడదు. క్రూతో కలిపి పన్నెండు మిగిలాయి.

ఇక ఆ నలభై ఒకటోది. అది క్రూ ఫోల్డర్లో లేదు. వేరే ఫోల్డర్లో విడిగా ఉంది. ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఒకాయన రాసిపెట్టిన నలభై లైన్ల స్క్రిప్టు. పనైపోయిన కంటైనర్లని ఊడ్చి శుభ్రం చేస్తుంది. దాని పేరూ, మేం తీసేసిన పదిహేడింటిలో ఒకదాని పేరూ ఒకటే. ఒకే పేరుతో రెండుంటే కంప్యూటర్ వెతుక్కునే వరసలో ఏ ఫోల్డర్ ముందుంటే అందులోదే నడుస్తుంది. రెండోది నీడలో ఉండిపోతుంది. ప్లగిన్ లిస్ట్ అని కొడితే ఆ సంగతి హెచ్చరికగా చూపిస్తుంది కూడా. ఇన్నాళ్లూ క్రూ తన దాన్ని బుద్ధిగా అప్‌గ్రేడ్ చేస్తూనే ఉంది, నడిచింది మాత్రం ఈ పాత స్క్రిప్టు. నైట్ షిఫ్టులో రోజూ వాడేది అదే.

అప్పుడు క్లయింటుకి ఏం రాయాలో నాకు తేలింది. ప్లగిన్లు లేవని రాయడం కాదు, ఉన్న ప్రతిదానికీ ఒక మనిషి ఉన్నాడని రాయాలి. 2020లో వచ్చిన 0.4 వెర్షన్ నుంచి క్రూలో సొంత సూచికలు పెట్టుకోవచ్చు. అందరి సూచికని మా సర్వర్ నుంచి తీసేసి, మాదే ఒకటి పెట్టుకున్నాం. అందులో ఉంచినవాటి చీటీలు మాత్రమే ఉంటాయి. క్రూకి ఒక ఇబ్బంది ఉంది. ఫలానా పాత వెర్షన్ కావాలని నంబరు చెప్పి అడగలేం, సూచికలో ఏ వెర్షన్ ఉంటే అదే తెస్తుంది. సొంత సూచిక ఉంటే ఆ ఇబ్బందే మనకి మేలు. మేం చదివిన వెర్షన్ చీటీయే అందులో ఉంటుంది, మేం మార్చేదాకా అప్‌గ్రేడ్ అని కొట్టినా కొత్తది రాదు. పక్కన ఒక రిజిస్టరు పెట్టాం. ప్లగిన్ పేరు, వెర్షన్, ఎందుకు, ఏ తేదీన చదివారు, ఎవరు చదివారు. చివరి గడిలో టీము పేరు రాయకూడదు, మనిషి పేరే రాయాలి. చూడటానికి మాత్రమే పనికొచ్చే ప్లగిన్లకి చూసే అధికారం మాత్రమే ఉన్న లాగిన్ విడిగా ఇచ్చాం. కుబర్నెటీస్‌లో వ్యూ అనే పాత్ర సిద్ధంగానే ఉంది, దానితో రహస్యాలు కూడా కనపడవు. ఖాళీ చెక్కు బదులు వంద రూపాయల కాగితం ఇచ్చినట్టు.

పన్నెండు ప్లగిన్లూ ఎనిమిది మందీ పంచుకున్నాం. ఆ స్క్రిప్టు నైట్ షిఫ్టు కుర్రాడికి వచ్చింది. రోజూ వాడేది వాడే కదా.

"నా పేరు రాయాలా అక్కా?" అన్నాడు.

"నీదే రాయాలి."

"రేపేదైనా అయితే?"

"అందుకే ముందు చదవమంటున్నాను."

రెండు రోజులు పట్టింది. నలభై లైన్లకి రెండు రోజులా అని నేను అడగలేదు. మూడో రోజు పొద్దున్న షిఫ్టు అయిపోయినా ఇంటికి పోకుండా నాకోసం కూర్చున్నాడు. ఇరవై ఏడో లైను చూపించాడు. ఏది ఊడ్చాలో చెప్పే లైను అది. విజయవంతంగా పని ముగించినవాటిని తియ్యాలి అని ఉండాలి. దానికి బదులు, నడుస్తున్నవి కాకుండా మిగతావన్నీ తియ్యాలి అని ఉంది. తేడా చిన్నదిలా కనపడుతుంది. కానీ నడవనివాటిలో పని ముగించినవే కాదు, విఫలమై పడిపోయినవీ ఉంటాయి, ఇంకా మొదలుకాకుండా వరసలో నిలబడినవీ ఉంటాయి. రాత్రి ఏదైనా ప్రోగ్రాం కూలిపోతే, ఎందుకు కూలిందో చెప్పే ఆధారం ఆ పడిపోయిన కంటైనర్లోనే ఉంటుంది. తెల్లారేసరికి ఈ స్క్రిప్టు దాన్ని కూడా ఊడ్చేసేది. పొద్దున్న షిఫ్టు వాళ్లు వచ్చి చూస్తే అంతా పరిశుభ్రం. రాత్రి ఏ గొడవా లేదని రాసుకునేవాళ్లం. వారానికోసారి బిల్లింగ్ ఒకటి ఆలస్యంగా ఎందుకు నడుస్తోందో నెలల తరబడి ఎవరికీ అంతుపట్టలేదంటే కారణం ఇదే.

ఆ స్క్రిప్టుకి షా-256 ముద్ర తీసి చూస్తే మొదటి రోజు ఎంతో ఈ రోజూ అంతే వస్తుంది. ఎవరూ దాన్ని మార్చలేదు. సీలు ఊడలేదు. రాసినాయనకి దురుద్దేశమూ లేదు, అప్పట్లో ఉన్న పనికి అది సరిపోయి ఉంటుంది. మనిషి కూర్చుని చదివితే తప్ప దొరికే సంగతి కాదది.

వాడు ఆ లైను మార్చాడు, పేరు మార్చాడు, మా సూచికలో పెట్టాడు, రిజిస్టరులో సంతకంలా తన పూర్తి పేరు రాశాడు. ఇంటి పేరుతో సహా.

గడువుకి రెండు రోజుల ముందు క్లయింటుకి జవాబు పంపాం. వాళ్లు ఇంకో నాలుగు ప్రశ్నలడిగారు, వాటికీ చెప్పాం. దారి మూయలేదు. మూడు నెలలకోసారి రిజిస్టరు చూపించాలన్నారు. బెంగళూరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేనేజరు గారికి ఇదంతా కొంచెం చాదస్తంగానే అనిపిస్తోంది, ఆ మాట ఆయన దాచుకోరు కూడా. చదవడానికి పోయే గంటలు ఎవరి ఖాతాలో రాయాలని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. నెలకి ఒక శుక్రవారం మధ్యాహ్నం అని ఒప్పందం చేసుకున్నాం.

మీ పిల్లలో, చుట్టాల పిల్లలో ఈ పనుల్లోకి వస్తుంటే నేను చెప్పేది ఒకటే. క్రూ వాడొద్దని కాదు, హాయిగా వాడమనండి. మెషీన్ మారినప్పుడు క్రూ లిస్ట్‌ని ఒక ఫైల్లోకి తీసుకుని, ఆ ఫైలునే ఇన్‌స్టాల్‌కి ఇస్తే పది నిమిషాల్లో పాత ప్లగిన్లన్నీ వచ్చేస్తాయి. అలాంటి సౌకర్యం వదులుకోనక్కర్లేదు. అప్పుడప్పుడూ ప్లగిన్ లిస్ట్ కూడా కొట్టి, రెండు లెక్కలూ కలుస్తున్నాయో లేదో చూసుకోమనండి. కలవకపోతే ఒకటేగా అని వదిలేయొద్దనండి.

మా రిజిస్టరులో ఇప్పుడు పదమూడు వరసలున్నాయి. పద్నాలుగోది కావాలని మొన్న ఒక అర్జీ వచ్చింది. డిస్కులు ఎంత నిండాయో చూపించే ప్లగిన్ అది. అర్జీ పెట్టింది ఆ అనకాపల్లి కుర్రాడే. చదివావా అని అడిగాను. సగం అయిందట. మిగతా సగం ఈ శుక్రవారం.